ఎండినదంతా నీళ్ళు లేక కాదు

విద్యార్థి సంఘం వారు వార్షిక సంచికకు ఏదైనా రాసి ఇమ్మన్నప్పుడు, "నేను రాసేదేముంది? లాబ్ రికార్డు తప్ప జన్మలో ఇంకేమీ రాయలేదు" అన్నాను. "అయితే రికార్డు రాసినట్టే రాయి" అన్నారు. కనుక ఇది ఒక విధంగా రికార్డే. లక్ష్యం, పరికరాలు, విధానం, ఫలితం అన్నీ ఉన్నాయి. 'జాగ్రత్తలు' అనే భాగం మాత్రం ముందు రాయవలసింది, నాకు ప్రయోగం సగం అయ్యాక తెలిసివచ్చింది. ప్రయోగం చేసింది గాజు పాత్రలో కాదు, ఒక మనిషి తల మీద. అదీ సరిగ్గా అడక్కుండా. అందుకే ఇది రాయాలనిపించింది.

ఆ తల మా పక్క గది అమ్మాయిది. ఇథియోపియా నుంచి వచ్చి మన దగ్గర చదువుకుంటోంది. పేరు వెయ్యొద్దంది. "నా జుట్టు సంగతి ఎంతైనా రాసుకో, పేరు మాత్రం నా దగ్గరే ఉండనీ" అంది. సరేనన్నాను.

ముందు నా సంగతి రెండు మాటలు. మాది పాలమూరు వైపు. చెల్క నేలలు. వాన పడితే పంట, లేకపోతే లేదు. మాకు తెలిసిన పంట ఆముదం. మా నాయనమ్మ గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్ళల్లో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి సీసాలకు పోసేది. పుట్టిన పిల్లకు ఆముదం, కడుపునొప్పికి ఆముదం, కాలి పగుళ్ళకు ఆముదం, తలకు ఆముదం. మా ఇంట్లో ఆముదంతో నయం కాని జబ్బంటూ ఉంటే అది అప్పు ఒక్కటే.

ఇక ఆమె జుట్టు. వచ్చిన కొత్తలో చూసినవాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. తల చుట్టూ నల్లటి మబ్బులాగ నిండుగా ఉండేది. దగ్గరగా చూస్తే ఒక్కొక్క వెంట్రుక బాల్‌పెన్నులోని స్ప్రింగులాగ చుట్టలు చుట్టుకుని ఉంటుంది. లాగితే జానెడు, వదిలితే రెండంగుళాలు. హాస్టల్లో మనవాళ్ళంతా మూగి ముట్టుకుని చూశారు. నేనూ చూశాను. "స్పాంజిలాగ ఉందే!" అన్నది కూడా నేనే. ఆమె నవ్వింది. ఆ నవ్వు సరదా నవ్వు కాదని చాలా రోజుల తరువాతగాని తెలియలేదు. ఈ ఊళ్ళో అలాంటి జుట్టు కొత్తదేమీ కాదు. నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన అశ్వికదళం ఉండేది. వాళ్ళ పేరే ఏ.సి. గార్డ్స్‌గా నిలిచిపోయింది. రోజూ బస్సులో ఆ పేరు వింటూ పోతాం గాని, ఏ.సి. అంటే ఆఫ్రికన్ కావల్రీ అని ఎంతమందికి తడుతుంది?

నాలుగు నెలలు గడిచేసరికి ఆ మబ్బు తగ్గింది. జుట్టు గరుకెక్కింది. మెరుపు పోయింది. కొనలు చీపురు పుల్లల్లా తయారయ్యాయి. దువ్వితే చిన్న చిన్న ముక్కలు రాలేవి. ఆమె తలకు గుడ్డ కట్టుకుని క్లాసులకు రావడం మొదలుపెట్టింది. ఎండకు కాబోలు అనుకున్నాం. ఒకరోజు సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ, "గుండు చేయించుకుందామనుకుంటున్నా" అంది. గొంతులో ఏమీ లేదు. చెప్పులు కొనుక్కుందామనుకుంటున్నా అన్నట్టు అంది.

నాకు జాలి వేసింది. జాలి మంచిదే, కాని జాలి పడ్డవాడు తొందరపడతాడు. "గుండెందుకు? మా ఇంటి నుంచి ఆముదం తెస్తా, చూడు" అన్నాను. దసరాకు ఊరికి వెళ్ళి సీసాడు తెచ్చాను. ఆదివారం ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, పొడి జుట్టు మీదనే సగం సీసా పట్టించాను. నాయనమ్మ మాకు పెట్టినట్టే అరచేత్తో తట్టి తట్టి, రుద్ది రుద్ది పెట్టాను. ఆమె ఒకసారి, "ముందు తడపాలేమో" అంది. "నీకు తెలియదు, ఊరుకో" అన్నాను. తెల్లారి కుంకుడు రసంతో, జుట్టంతా నెత్తి మీదికి కుప్పపోసి, బట్టలు ఉతికినట్టు ఉతికాను.

ఫలితం: వెనకవైపు జుట్టు అరచెయ్యంత మేర ముద్దకట్టింది. గొంగడికి ఉన్ని ఎలా ముద్ద కడుతుందో అలాగ. ఆముదం ఎంత జిగటో అందరికీ తెలుసు. దాన్లో నూటికి 85 నుంచి 90 పాళ్ళు రిసినోలిక్ ఆమ్లం. ఆ అణువులో ఉండే హైడ్రాక్సిల్ గుంపు వల్లనే అంత చిక్కదనం. చుట్టలు చుట్టుకున్న వెంట్రుకలు, పైన జిగట నూనె, దాని మీద గట్టిగా రాపిడి. ఇంక ముద్ద కట్టక ఏంచేస్తుంది? మూడు గంటలు కూర్చుని వేళ్ళతో విడదీశాం. చివరికి ఒక ముద్ద విడదీయరాక కత్తిరించాల్సి వచ్చింది. కత్తెర పట్టుకున్నది నేనే. ఆమె ఏడ్చింది. ఏడుస్తూ ఒక్క మాటే అడిగింది: "నన్నెందుకు అడగలేదు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ మర్నాడు ఆమె ఊళ్ళో ఒక బ్యూటీ పార్లరుకు వెళ్ళి, జుట్టు తిన్నగా చేయించుకోవడానికి శనివారానికి రోజు ఖాయం చేసుకుని వచ్చింది. అక్కడ వాళ్ళు చెప్పిన మందు పేరు కాగితం మీద రాయించుకుని వచ్చింది. అది చూస్తే అమ్మోనియం థయోగ్లైకొలేట్. వెంట్రుకలోని కెరటిన్ ప్రోటీనును నిలబెట్టేవి గంధకపు బంధాలు. మన ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠంలో డైసల్ఫైడ్ బంధాలని చదువుకున్నాం. ఈ మందు వాటిని తెంపుతుంది. తరువాత వేరే మందుతో కొత్త రూపంలో అతికిస్తారు. అమెరికాలో, ఆఫ్రికా దేశాల్లో ఇదే పనికి ఎక్కువగా సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన క్రీములు వాడుతూ వచ్చారు. అంటే మనం బ్యూరెట్‌లో పోసేటప్పుడు ఒంటి మీద పడకుండా చూసుకునే ఆ కాస్టిక్ సోడాయే. బాగున్న జుట్టు ఎలాగో తట్టుకుంటుంది. ఇప్పటికే తునుగుతున్న జుట్టు తట్టుకోవడం కష్టం.

"వద్దు" అనడానికి నాకు నోరు రాలేదు. తల ఆమెది. అంతకుముందు రోజే నేను చేసిన నిర్వాకం ఒకటుంది. "రెండు నెలలు ఆగుతావా? ఈసారి నువ్వు చెప్పినట్టే చేస్తా. తగ్గకపోతే నేనే నీ వెంట పార్లరుకు వస్తా" అన్నాను. చాలాసేపు చూసి, "సరే, కాని ఆముదం సీసా నా దగ్గర ఉంటుంది" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాయిన జ్ఞాపకం వచ్చాడు. నేను పదో తరగతిలో ఉన్న సంవత్సరం మా ఆముదం చేను అక్కడక్కడ వాడిపోవడం మొదలైంది. ఆకులు వేలాడి, మొక్క నిలువునా ఎండుతోంది. నాయిన బోరు నీళ్ళు మళ్ళించాడు. ఇంకా ఎండింది. ఇంకా నీళ్ళు పెట్టాడు. ఇంకా ఎండింది. చివరికి ఒక మొక్క పీక్కుని పాలెం పరిశోధన కేంద్రానికి పోయాడు. అక్కడి సారు కాండాన్ని నిలువునా చీల్చి లోపల నల్లబడ్డ గీతలు చూపించాడట. అది ఎండు తెగులు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వేరు నుంచి ఎక్కి, నీళ్ళు మోసే దారునాళాలను మూసేస్తుంది. మన్నులో నీళ్ళున్నా మొక్కకు అందవు. ఇంటికొచ్చి నాయిన, "ఎండినట్టు కండ్లకు గానొస్తే నీళ్ళు లేవనే అనుకుంటిమి బిడ్డా. నీళ్ళుండె. పోయే తొవ్వ లేకుండె" అన్నాడు. ఆ ఏడు పెట్టుబడి కూడా రాలేదు. మా అక్క కాలేజీ ఆ ఏడే ఆగింది.

అంత ఖరీదైన పాఠం ఇంట్లో ఉండగా, ఒక తల ముందు నిలబడి మళ్ళీ అదే తప్పు చేశాను. పొడిబారింది అనగానే నూనె పోశాను. పొడిబారడం జబ్బు పేరు కాదు, జబ్బు తాలూకు గుర్తు మాత్రమే. నీరు లోపలికి పోవడం లేదా, పోయి నిలవడం లేదా, అసలు నీటి సమస్యే కాక పైన ఏదైనా పేరుకుందా, రాపిడికి అరిగిందా అన్నది ముందు తేలాలి.

మర్నాడు పాలెం సారు నాయినను అడిగిన ప్రశ్నలే ఆమెను అడిగాను. ఎప్పటి నుంచి? ఎక్కడ మొదలైంది, మొదట్లోనా కొనల్లోనా? అప్పుడు మారినదేమిటి? ఇంటి దగ్గర ఏం చేసేదానివి?

చివరి ప్రశ్నకు ఆమె గంటసేపు చెప్పింది. వాళ్ళ అమ్మ వారం వారం తలంటేది. ముందు తడి, తరువాత వెన్న. నిజంగా వెన్నే. వాళ్ళ దేశంలో తలకు వెన్న రాయడం పాత అలవాటు. తడి మీదనే జుట్టు పాయలు తీసి జడలు అల్లేది. సగం రోజు పట్టేది. ఇక్కడికి వచ్చాక హాస్టల్లో నీళ్ళు గంటసేపే వస్తాయి. బయట వరసలో పదిమంది బకెట్లతో నిలబడి ఉంటారు. ఎవరైనా వచ్చి ముట్టుకుని చూస్తారు. అందుకని ఆమె రాత్రి పది దాటాక, తెచ్చుకున్న షాంపూ అయిపోతే ఒంటిసబ్బుతోనే, గబగబ కడుక్కుని, తడి ఆరకముందే నూలు దిండు మీద తల పెట్టి పడుకునేది. కొనలకు ఏడాది కింద బ్లీచి చేసి గోధుమరంగు వేయించుకుంది కూడా. సగం రోగం ఆమె మాటల్లోనే బయటపడింది. మనం ముట్టుకుని చూసిన చూపులకు కూడా దాన్లో వాటా ఉంది.

తక్కిన సగానికి మన లాబు అక్కరకు వచ్చింది. హాస్టలు బోరు నీళ్ళు పట్టుకుపోయి ఈ.డి.టి.ఎ.తో టైట్రేషన్ చేశాను. అమ్మోనియా బఫరు, ఎరియోక్రోం బ్లాక్-టి. ద్రాక్షరసం ఎరుపు నుంచి నీలానికి రావాలి. ఎంతకీ రాదే! లెక్కకడితే లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటింది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగేనీటి కఠినత 200 లోపు ఉండాలి. వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. అంటే మనం సర్దుకునేవాళ్ళ జాబితాలో ఉన్నాం. ఈ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే కరగని తెట్టు అవుతుంది. ఆమె వెంట్రుకను గోటితో గీరితే గోటి కింద బూడిదరంగు మైనంలాంటిది వచ్చింది. పైగా సబ్బు క్షారం, పి.హెచ్. 9, 10 ఉంటుంది. క్షారంలో వెంట్రుక ఉబ్బి, పై పొర విచ్చుకుంటుంది.

ఆ పై పొర సంగతి మన ఇళ్ళ గూనపెంకులను తలుచుకుంటే తెలుస్తుంది. వెంట్రుక మీద పలుచని పొలుసులు మొదలు నుంచి కొనవైపు ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి. దాన్ని క్యూటికిల్ అంటారు. దాని పైన పుట్టుకతో వచ్చిన సన్నని కొవ్వుపూత ఒకటి ఉంటుంది. దానివల్ల బాగున్న వెంట్రుక మీద నీటిచుక్క చామాకు మీద నిలిచినట్టు నిలుస్తుంది. బ్లీచి ఆ పూతను ఊడగొడుతుంది. కాబట్టి ఆమె జుట్టు మీద రెండు చోట్ల నీటిచుక్క వేసి చూశాం. మొదట్లో చుక్క నిలబడింది, అది మామూలే. కొనల్లో చటుక్కున ఇంకిపోయింది, కాసేపట్లోనే ఆరిపోయింది. కొనలు దుబ్బనేల అన్నమాట. ఎంత పోసినా తాగుతాయి, ఏదీ నిలవదు.

ఆమె ఎక్కడో విని, వెంట్రుకను గ్లాసెడు నీళ్ళలో వేసి మునిగితే ఒక జబ్బు, తేలితే ఒక జబ్బు అంది. ఫిజిక్సు వాళ్ళు నవ్వుతారు. నూనె రాసిన సూది కూడా నీళ్ళ మీద తేలుతుంది. అది తలతన్యత. దాన్నిబట్టి వెంట్రుక లోపలి సంగతి చెప్పలేం.

మరొక పరీక్ష మాత్రం అందరికీ పనికొస్తుంది. దువ్వెనలో వచ్చిన వెంట్రుకలను తెల్లకాగితం మీద పరిచి చూడండి. ఒక చివర తెల్లటి చిన్న బొడిపె ఉంటే అది వయసు తీరి రాలిన వెంట్రుక, దానికి బెంగ అక్కర్లేదు. బొడిపె లేకుండా పొట్టిగా ఉంటే అది మధ్యలో తెగిన ముక్క. ఆ ఆదివారం ఆమె కాగితం మీద తెగిన ముక్కలు 46. మొదళ్ళు బాగున్నాయి, మాడు శుభ్రంగా ఉంది. చుండ్రు లేదు, దురద లేదు, పాయలు పాయలుగా ఊడటం లేదు. అవి ఉంటే మా పని కాదు, చర్మవైద్యుల పని. థైరాయిడ్ తక్కువైనా జుట్టు ఎండుతుంది కనుక ఆ రక్తపరీక్ష కూడా చేయించింది. బాగానే ఉందన్నారు.

అసలు ఇలాంటి జుట్టుకే పొడితనం ఎందుకు ఎక్కువ అన్నది లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను. కెరటిన్ అందరిదీ ఒకటే. నాదీ ఆమెదీ ప్రోటీన్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా రూపంలో. వంపు తిరిగిన కుదురులోంచి, బల్లపరుపు తీగలాగ వస్తుంది ఆ వెంట్రుక. మాడులో ఊరే సహజమైన నూనె నా జడలో జారుడుబండ మీద జారినట్టు కొనదాకా దిగుతుంది. ఆమె జుట్టులో ప్రతి చుట్ట దగ్గరా ఆగిపోతుంది. ప్రతి మలుపూ బలహీనమైన చోటే. తీగను మళ్ళీ మళ్ళీ వంచితే వంచిన చోటే కదా తెగేది! అంచేత నా జుట్టుకు సరిపోయే తలంటు ఆమెకు ఎక్కువ, నాకు సరిపోయే దువ్వెన ఆమెకు శత్రువు. కుంకుళ్ళు ఈ నీళ్ళతో తెట్టు కట్టవు, అది వాటి మంచి గుణం. కాని ఉన్న కాస్త జిడ్డునూ ఊడ్చేశాయి. ఆమెకు వదులుకోవడానికి జిడ్డే లేదు.

ఇక వైద్యం. ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. ఆమె చెప్పినవి ఎక్కువ, నేను చెప్పినవి తక్కువ.

మొదటిది, పేరుకున్నది పోవాలి. ఈ.డి.టి.ఎ. ఉన్న షాంపూ ఒకటి చీటీ చదివి కొన్నాం. టైట్రేషన్లో కాల్షియాన్ని పట్టుకునేది ఏదో, తల మీద పట్టుకునేదీ అదే. దానితో ఒక్కసారి. తరువాత నెలకు ఒకసారి చాలు. మధ్యలో మెత్తని షాంపూ, పది రోజులకొకసారి, మాడుకు మాత్రమే. చివరి కడుగుడు బోరు నీళ్ళతో కాదు, వాటర్ ప్లాంటు డబ్బా నీళ్ళతో. రెండు చెంబులు చాలు.

రెండోది, కొనలకు తలంటుకు ముందు రాత్రి కాస్త కొబ్బరినూనె. ఇక్కడ నా ఆముదం ఓడిపోయింది. 2003లో రేలే, మొహిలే అనే మన దేశపు పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూశారు. వెంట్రుకలోని ప్రోటీన్ కడుగుడులో కొట్టుకుపోకుండా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. దాని అణువు చిన్నది, తిన్ననిది, లోపలికి పోగలదు.

మూడోది, తలను నాలుగు భాగాలు చెయ్యడం. తడి జుట్టుకు కండిషనర్ నిండుగా పెట్టి, ముందు వేళ్ళతో, తరువాత వెడల్పు పళ్ళ దువ్వెనతో, కొన నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పై నుంచి కిందికి లాగితే చిక్కులన్నీ ఒకచోట చేరి పుటుక్కున తెగుతుంది. పొడిగా ఉన్నప్పుడు దువ్వెన ముట్టకూడదు.

నాలుగోది, వాళ్ళ అమ్మ సూత్రం: ముందు తడి, తరువాత వెన్న. తడి ఉండగానే నీళ్ళు ఎక్కువగా ఉన్న క్రీము, దాని పైన వెన్నకు బదులు చాలా కొద్దిగా నూనె. నూనె నీరు కాదు. నూనె తలుపు లాంటిది. గదిలో మనిషి ఉంటే తలుపు వేస్తే మనిషి లోపల ఉంటాడు. ఖాళీ గదికి తలుపు వేస్తే ఖాళీయే లోపల ఉంటుంది. నేను చేసిన పని రెండోది.

అయిదోది, రెండేసి పాయలు మెలితిప్పి వదులుగా కట్టుకోవడం. బిగించి అల్లితే నుదుటి దగ్గర కుదుళ్ళు లాగుకుపోయి జుట్టు పలచబడుతుంది. అక్కడ పోయినది ఒక్కొక్కసారి తిరిగి రాదు కూడా. రాత్రి నున్నటి శాటిన్ గుడ్డ కట్టుకోవాలి. నూలు దిండు తడి పీలుస్తుంది, పైగా రాపిడి.

ఆరోది కష్టమైనది. బ్లీచి కొనలు రెండంగుళాలు కత్తిరించడం. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు, అటూ ఇటూగా పెరుగుతుంది. కొనలో ఉన్నది ఏడాది కిందటి వెంట్రుక. బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు కనుక చీలినది అతుక్కోదు. ఏ సీసా మీద ఏం రాసి ఉన్నా సరే. ఆమె రెండు వారాలు ఆలోచించుకుని తానే కత్తిరించుకుంది. ఈసారి కత్తెర ఆమె చేతిలో ఉంది.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఏడోది. ఆదివారం మధ్యాహ్నం అందరూ సినిమాకు పోయినప్పుడు స్నానాలగది తలుపు దగ్గర నేను స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. ముందురోజు పట్టిపెట్టిన నాలుగు బకెట్ల నీళ్ళు లోపల. రెండు గంటలు ఎవ్వరూ రారు, ఎవ్వరూ ముట్టుకోరు. ఆమె లోపల పాటలు పాడుకుంటూ తలంటుకునేది. నేను బయట థర్మోడైనమిక్స్ చదువుకునేదాన్ని. నా వైద్యం మొత్తం మీద నేను నిజంగా చేసింది ఈ కాపలా ఒక్కటే అనిపిస్తుంది.

ఎనిమిది వారాల తరువాత కాగితం మీద తెగిన ముక్కలు 9. గరుకుదనం పోయింది. మునుపటంత నిండు ఇంకా రాలేదు, ఏడాది పడుతుంది. తలగుడ్డ తీసేసి క్లాసుకు వచ్చిన రోజు ఎవరో చెయ్యి చాచబోతే, నవ్వుతూ ఒకడుగు వెనక్కి వేసి, "అడిగి ముట్టుకో" అంది. ఆ నవ్వు మటుకు సరదా నవ్వే.

పార్లరు సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తినా నేను వెంట వెళ్ళేదాన్ని, మాట ఇచ్చాను కదా. జుట్టు తిన్నగా చేయించుకోవడం తప్పని నేననను. కాని ఇష్టపడి చేయించుకోవడం వేరు, అలసిపోయి చేయించుకోవడం వేరు. అమెరికాలో ఇలాంటి జుట్టును సహజంగా ఉంచుకున్నందుకు ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపరాదని ఒక రాష్ట్రం చట్టం చేసింది. ఆ మొదటి రాష్ట్రం కాలిఫోర్నియా, సంవత్సరం 2019. అంటే అంతదాకా అలసిపోయినవాళ్ళు ఎందరో!

నిన్న ఆదివారం ఆమె ఆముదం సీసా బయటికి తీసింది. కొబ్బరినూనెలో నాలుగు చుక్కలు కలిపి, తడి కొనలకు వేలికొసలతో రాసుకుంటూ, "దీన్ని మా భాషలో గులో అంటాం. ఈ చెట్టు మా వైపుదే తెలుసా?" అంది. బోటనీ పుస్తకం తీసి చూశాను. నిజమే. ఆముదం పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా అని రాసి ఉంది. ఎప్పుడో వేల ఏళ్ళ కింద సముద్రం దాటి మా చెల్కల్లోకి వచ్చింది. ఫోన్లో నాయినకు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "గట్లనా! అయితే ఆ పిల్లను సంక్రాంతికి తోలుకరా బిడ్డా. చేను జూసిపోతది" అన్నాడు. ఆగి మళ్ళీ, "ముందు అడుగు, వస్తదేమో" అన్నాడు.

అడిగాను. వస్తానంది.

— బి.యస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థిని